రాజ్‌పుత్ వెళ్ళిన రాత్రి

విశాఖపట్నంలో ఇప్పుడు ఎవరినడిగినా ఘాజీ పేరు చెబుతారు. పాకిస్తాన్ జలాంతర్గామి, 1971 యుద్ధంలో మన రేవు ముందే మునిగిపోయింది, దాని మీద సినిమా కూడా వచ్చింది అంటారు. ఆ రాత్రి రేవులోంచి బయటికి వెళ్ళిన మన ఓడ పేరేమిటని అడిగితే చాలామంది ఆగిపోతారు. ఆ ఓడ రాజ్‌పుత్. దాని మీద మా బావ ఉన్నాడు. బావ అంటే నా మేనత్త కొడుకు, నా పెనిమిటి. నేను పెద్దజాలారిపేటలో పుట్టినదాన్ని. అయిదో తరగతితో చదువు ఆగిపోయింది. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. తారీఖులు, లెక్కలు పుస్తకాల్లో చూసి సరిచేసింది తనే. మిగతాదంతా నేను పడ్డది, బావ నాతో చెప్పింది.

బావది భీమిలి. మీసాలు రాకముందే సర్కార్స్‌లో బాయ్‌గా చేరాడు. అప్పట్లో కుర్రాళ్ళకు నేవీ పని నేర్పే చోటది, మన విశాఖలోనే. వలలు లాగే ఇళ్ళలో ఒక పిల్లాడికి నెలజీతం వస్తోందంటే ఊరంతా చెప్పుకునేవారు. మా అయ్య అది చూసే నన్నిచ్చాడు. కాన్పుకని పుట్టింటికి వచ్చినదాన్ని, బావ ఎక్కువగా సముద్రం మీదే ఉంటాడు కదా అని అక్కడే ఉండిపోయాను. ఓడ విశాఖలో ఆగినప్పుడల్లా బావ పేటకే వచ్చేవాడు.

రాజ్‌పుత్ గురించి బావ ఎంత చెప్పినా అలసిపోయేవాడు కాదు. అది డిస్ట్రాయర్. పెద్ద ఓడలకు కాపలా కాయడం, నీళ్ళ కింద దాగిన జలాంతర్గాములను వెతికి కొట్టడం దాని పని. ఇంగ్లండు వాళ్ళు స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్‌లో కట్టి 1942లో నీళ్ళలోకి దింపారు. అప్పుడు దాని పేరు రోథర్‌హామ్. రెండో ప్రపంచయుద్ధంలో మన హిందూ మహాసముద్రంలోనే తిరిగింది. 1949లో మన దేశం ఆ రకం ఓడలు మూడు తీసుకుంది. వాటికి రాజ్‌పుత్, రంజిత్, రాణా అని పేర్లు పెట్టారు. నాలుగు పెద్ద ఫిరంగులు, టార్పెడోలు, వెనక భాగంలో డెప్త్ చార్జీలు. డెప్త్ చార్జి అంటే మందు కూరిన పీపా. నీళ్ళలోకి దొర్లిస్తే ఎంత లోతుకి దిగాక పేలాలో ముందే అమర్చి ఉంచుతారు. జలాంతర్గామికి తగలక్కర్లేదట, దగ్గర్లో పేలితే చాలు, నీటి ఒత్తిడే దాని ఒంటిని చిదిమేస్తుందని బావ చెప్పాడు.

నేను పెళ్ళై వచ్చేనాటికే ఆ ఓడ ముసలిది. వేసవిలో కింది డెక్కుల్లో పడుకోలేక పైకొచ్చి ఇనపరేకు మీద వెల్లకిలా పడుకునేవాళ్ళమని చెప్పేవాడు. తుప్పు గోకడం, రంగు వేయడం, మళ్ళీ తుప్పు గోకడం. అయినా బావకు ఆ ఓడంటే ప్రాణం. డెక్కు మీద పనిచేసే సీమన్ కాబట్టి వాళ్ళిచ్చిన మడతకత్తి ఎప్పుడూ దగ్గరుండేది. ఒకవైపు పొట్టి అలుగు, రెండోవైపు బిగుసుకున్న తాడుముడులు విప్పే ఇనప మొన. దానికి తెల్లటి తాడు తనే అల్లుకున్నాడు. ఇంటికొచ్చినప్పుడు మా అయ్య వలల దగ్గర కూర్చుని అదే కత్తితో తెగిన కళ్ళు సరిచేసేవాడు.

1971 వర్షాకాలం పోయేసరికి యుద్ధం వస్తుందన్న మాట పేటలోకీ వచ్చింది. నేవీవాళ్ళు వచ్చి మా మనుషులతో మాట్లాడారు. నీళ్ళ మీద నూనె తెట్టు కనిపించినా, తెలియని వస్తువు తేలినా, మామూలుగా లేనిది ఏది చూసినా వెంటనే చెప్పమన్నారు. తూర్పు నౌకాదళానికి అప్పుడు వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు పెద్ద. సముద్రం మీద కళ్ళు మీవే అని ఆయన మత్స్యకారులను నమ్ముకున్నాడు. మా అయ్యకు అది గర్వం. అప్పటిదాకా మమ్మల్ని ఏ పెద్ద ఆఫీసరూ సాయం అడిగి ఎరగడు.

ఊళ్ళో ఇంకో మాట పాకింది. విక్రాంత్ గురించి. విమానాలు ఎగిరే మన పెద్ద ఓడ అది. విశాఖకే వస్తోందని, దానికోసం కాంట్రాక్టర్లకు బండ్లకొద్దీ కూరగాయలు, మాంసం చెప్పారని బజారంతా అనుకున్నారు. బావను అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

అసలు సంగతి నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. కృష్ణన్ గారు 1980లో రాసిన పుస్తకం మనవరాలు చదివి వినిపించింది. విక్రాంత్ బాయిలర్ ఒకటి పగిలి ఉంది, పూర్తి వేగంతో పరిగెత్తలేదు. దాన్ని ముంచడానికే పాకిస్తాన్ ఘాజీని ఇంత దూరం పంపింది. నవంబర్ 14న కరాచీ నుంచి బయలుదేరి, దేశమంతా చుట్టి బంగాళాఖాతంలోకి వచ్చింది. జలాంతర్గాములకు వాడే ఒక రకం నూనె గురించి పాకిస్తాన్ వాళ్ళు చిట్టగాంగ్‌ను అడిగిన వైర్‌లెస్ కబురు మనవాళ్ళ చెవిన పడింది. దాంతో ఘాజీ ఇటే ఉందని తేలింది. కృష్ణన్ గారు విక్రాంత్‌ని చడీచప్పుడు లేకుండా అండమాన్ దీవుల్లో దాచేసి, దాని బదులు రాజ్‌పుత్‌ని సముద్రం మీదికి పంపారు. విక్రాంత్ మాట్లాడుతున్నట్టుగా రాజ్‌పుత్ నుంచి వైర్‌లెస్‌లో కుప్పలుతెప్పలుగా కబుర్లు పోయాయి. విక్రాంత్ మీద పనిచేసే నావికుడొకడు తల్లికి జబ్బుగా ఉందట ఎలా ఉందో చెప్పమని అడిగినట్టు మామూలు టెలిగ్రాం కూడా పంపారు, శత్రువు వినాలనే. బజారులో కూరగాయల ఆర్డర్లు కూడా అందుకే.

అది విన్నప్పుడు నేను మనవరాల్ని ఆపమన్నాను. మేం చేపలవాళ్ళం. గేలానికి గుచ్చిన ఎర సంగతి మాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఎర చేపను తెస్తుంది కానీ తను తిరిగి రాదు. మా బావను, అతనితో ఉన్న వందలమందిని ఎరగా పంపారు. యుద్ధంలో అలాంటివి తప్పవని నాకు తెలుసు. కృష్ణన్ గారి మీద నాకు కోపం లేదు, విక్రాంత్ దక్కింది, అది యుద్ధానికి పనికొచ్చింది. అయినా ఆ పేజీ దగ్గర నా గుండె ఇప్పటికీ ఆగుతుంది.

డిసెంబర్ మొదట్లో బావ ఒక పూట వచ్చి వెళ్ళాడు. చంటిదాన్ని ఎత్తుకుని ఒడ్డున తిప్పాడు. అన్నం తిని లేచేటప్పుడు, "ఏ గంటకి కదుల్తామో తెలీదే. ఎక్కడికని అడక్కు. పిల్ల జాగ్రత్త" అన్నాడు. నేను, "మళ్ళీ ఎప్పుడొస్తావు బావా" అంటే, "ఓడ వచ్చినప్పుడు" అన్నాడు. అంతే.

3వ తేదీ శుక్రవారం. సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పడమటి పక్క మన విమానాశ్రయాల మీద బాంబులు వేశాయని రేడియోలో చెప్పారు. చీకటి పడేసరికి ఊరంతా దీపాలు ఆర్పేశారు. మా పేటలో పొయ్యి వెలుగు కూడా బయటికి పోకుండా గోనెలు కట్టాం. సముద్రంలో రేవు దారి చూపించే దీపాలు కూడా లేవు. నేను పుట్టాక అంత చీకటి ఒడ్డు ఎప్పుడూ చూడలేదు. మా అన్న పోర్టులో కలాసీ. పొద్దుపోయి ఇంటికొచ్చి, "రాజ్‌పుత్ నూనె పోయించుకుంటంది, ఈ రేత్రే ఎల్లిపోద్ది" అన్నాడు. మా అమ్మ అతని నోరు నొక్కింది, నా ముందు అనొద్దని. అప్పటికే విన్నాను.

అర్ధరాత్రి ఇందిరాగాంధీ గారు మాట్లాడతారని చెప్పడంతో పేటలో ఎవరూ పడుకోలేదు. మేష్టారి అరుగు మీద ట్రాన్సిస్టర్ పెట్టారు. చుట్టూ మగవాళ్ళు, గోడవార మేం ఆడవాళ్ళం. ఆమె మాట్లాడే భాష మాకు రాదు, మేష్టారు చెబుతారని కూర్చున్నాం. పిల్ల ఒళ్ళో నిద్రపోతోంది.

అప్పుడు వినిపించింది ఆ మోత. ముందు కాళ్ళ కింద నేల కదిలింది, తరవాత చప్పుడు. ఉరుము కాదు, తుపాకీ కాదు. సముద్రం అడుగు నుంచి వచ్చినట్టుంది. మేష్టారింటి కిటికీ అద్దాలు గలగలలాడాయి. మర్నాడు తెలిసింది, ఊళ్ళో చాలాచోట్ల అద్దాలు పగిలాయని. పిల్ల ఉలిక్కిపడి ఏడుపు మొదలెట్టింది. కుక్కలన్నీ మొరిగాయి. ఎవరో బాంబు అన్నారు, ఎవరో విమానం అన్నారు. మా అయ్య మాత్రం సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన ఏమనుకుంటున్నాడో నాకు తెలిసింది. నేనూ అదే అనుకున్నాను. రేవులోంచి ఒక్క ఓడే వెళ్ళింది. ఆ ఓడ వెళ్ళిన వైపు నుంచే ఆ మోత వచ్చింది.

రేడియోలో ప్రధానమంత్రి మాట్లాడారు. యుద్ధం వచ్చిందని మేష్టారు చెప్పారు. నా చెవికి ఏదీ ఎక్కలేదు. నేను ఏడవలేదు కూడా. ఏడిస్తే చెడు జరిగిందని ఒప్పుకున్నట్టవుతుందని భయం. కరకచెట్టు పోలమాంబ అమ్మవారికి మొక్కుకుంటూ తెల్లవార్లూ ఒడ్డునే కూర్చున్నాను. మా అమ్మ పిల్లను తీసుకెళ్ళి పాలు ఇంకిపోతాయే లేవే అని బతిమాలింది.

తెల్లారాక రేవు వైపు వెళ్ళిన పడవలవాళ్ళు నీళ్ళ మీద నూనె తెట్టు చూశారు. తేలుతున్న ముక్కలు చూశారు. ఒక లైఫ్ జాకెట్ దొరికింది. మావాళ్ళే తీసుకెళ్ళి నేవీ చేతిలో పెట్టారు. ఆ మాట పేటకు చేరేసరికి నేను లేచి పరిగెత్తాను. ఆ జాకెట్ ఎవరిది? ఏ ఓడది? దాని మీద ఏం రాసి ఉంది? చూసినవాళ్ళకు చదువు రాదు, చదువు వచ్చినవాళ్ళు చెప్పరు. గేటు దగ్గర కాపలా అతను, "ఇంటికెళ్ళమ్మా, ఏమీ చెప్పే వీల్లేదు" అన్నాడు. అతని ముఖం కూడా నాకు గుర్తుంది. చిన్నవాడు. చెప్పకూడదని నిలబడ్డాడు కానీ కళ్ళు తిప్పేసుకున్నాడు. ఆ కళ్ళు తిప్పుకోవడం చూసి ఇక బావ లేడని అనుకున్నాను.

అక్కడే ఇంకా కొందరు ఆడవాళ్ళున్నారు. ఒకామె మలయాళీ, ఒకామె పంజాబీ. వాళ్ళ మగవాళ్ళూ అదే ఓడ మీద. ఒకరి మాట ఒకరికి రాదు. రాజ్‌పుత్ అన్న ఒక్క మాట అందరికీ వచ్చు. ఆ మాటే అని ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నాం. వాళ్ళకు ఇక్కడ పుట్టిల్లు లేదు, అద్దెగదుల్లో ఒంటరిగా ఉన్నారు. పంజాబీ ఆమెను మా అమ్మ పేటకు తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టుకుంది. యుద్ధం అయ్యేదాకా మాతోనే గంజి తాగింది.

తరవాతి రోజులు ఎలా గడిచాయో వరసగా చెప్పలేను. ఓడ తిరిగి రేవుకు రాలేదు. వచ్చి ఉంటే తెలిసేది. మునిగి ఉంటే శవాలు ఒడ్డుకు కొట్టుకొస్తాయని మా పెద్దవాళ్ళు గుసగుసలాడుకునేవారు, నేను దగ్గరికి వెళ్తే మాట మార్చేవారు. మా అయ్య రోజూ తెల్లవారుజామున ఒడ్డు వెంట నడిచేవాడు. ఎందుకు నడుస్తున్నాడో అడగలేదు. ఆయన తిరిగొచ్చి తల అడ్డంగా ఊపితే ఆ రోజుకు అన్నం మెతుకు నోట్లో పెట్టేదాన్ని. మా అత్త భీమిలి నుంచి వచ్చింది. కొడుకు గురించి ఒక్క మాట అడగకుండా నా తలకు నూనె రాసింది, బొట్టు పెట్టింది, గాజులు సరిచేసింది. ఆమె చేతులు వణకడం నాకు తెలుస్తూనే ఉంది.

9వ తేదీన ప్రభుత్వం చెప్పింది, విశాఖ ముందు మునిగింది పాకిస్తాన్ జలాంతర్గామి అని. మేష్టారు పరిగెత్తుకొచ్చి చెప్పారు. జాకెట్ వాళ్ళదే. నూనె వాళ్ళదే. నేను నేల మీద కూలబడి అప్పుడు ఏడ్చాను, అన్ని రోజులదీ కలిపి. అయినా రాజ్‌పుత్ ఎక్కడుందో ఎవరూ అనలేదు. ఆ రాత్రే పడమటి సముద్రంలో, డయ్యూ దగ్గర మన యుద్ధనౌక కుక్రీ మునిగిపోయింది. పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ కొట్టింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ ముల్లా గారు ఓడతోపాటే వెళ్ళిపోయారు. ఆ కబురు మా దాకా వచ్చాక మా పొయ్యి మళ్ళీ వెలగలేదు. కుక్రీకి జరిగింది రాజ్‌పుత్‌కి జరగకూడదని ఏముంది?

16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. తరవాత కొన్నాళ్ళకు బావ వచ్చాడు. సన్నబడ్డాడు, గడ్డం పెరిగింది, నడుముకు అదే కత్తి. మా అత్త ముందు అతని ఒళ్ళంతా తడిమి చూసింది. చంటిది గుర్తుపట్టక ఏడ్చింది.

ఆ రాత్రి గురించి బావ ఒకేసారి మొత్తం చెప్పలేదు. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా చెప్పాడు. ఓడకు కెప్టెన్, లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ గారు. నూనె పోయించుకున్న వెంటనే కదలమని ఆజ్ఞ వచ్చింది. జలాంతర్గామి రేవు నోటి దగ్గరే పొంచి ఉండొచ్చని ఆయనకు ముందే చెప్పారు. రేవు కాలువ దాటేదాకా ఓడ మెల్లగానే వెళ్ళాలి, పక్కకు తిరగడానికి చోటుండదు. ఆ కాసేపూ అందరూ ఊపిరి బిగబట్టారట. ఓడకు దారి చూపిన పోర్టు పైలట్ దిగిపోయాక కుడివైపు ముందు నీళ్ళు అల్లకల్లోలంగా కదిలినట్టు కాపలా సీమన్ చూశాడు. కెప్టెన్ ఓడ వేగం పెంచి అటు తిప్పి రెండు డెప్త్ చార్జీలు వేయించారు.

బావ వెనకవైపు ఫిరంగి దగ్గర ఉన్నాడు. "ఏం కనబడింది బావా" అంటే, "చీకటి. నీళ్ళు. మోత" అన్నాడు. ఓడ మొత్తం ఎత్తి వేసినట్టయిందట. తమ ఓడకే తగిలిందనుకుని అతను చేసిన మొదటి పని జేబులో కత్తి ఉందో లేదో తడుముకోవడం. నీళ్ళలో పడితే తాళ్ళు కాళ్ళకు చుట్టుకుంటాయి, కోసుకోడానికి కత్తి చేతికందాలి. ఆ తెల్లతాడును మణికట్టుకు రెండుసార్లు చుట్టి, తెల్లవారేదాకా విప్పలేదు. ఓడ అక్కడే తిరిగి వెతికింది. ఏమీ దొరకలేదు. ఆజ్ఞ ప్రకారం తూర్పు పాకిస్తాన్ తీరం వైపు వెళ్ళిపోయింది. వాళ్ళకు కూడా అప్పుడు ఏం మునిగిందో తెలియదు. మేం ఇక్కడ ఒడ్డున చస్తూ బతుకుతున్నప్పుడు వాళ్ళు మళ్ళీ యుద్ధంలోకే వెళ్తున్నారు.

ఘాజీ ఎలా పేలిందన్నది ఇప్పటికీ వాదులాటే. రాజ్‌పుత్ డెప్త్ చార్జీల వల్లేనని మన నౌకాదళం చెప్పింది. తాము పరిచిన మైన్ల వల్లో లోపలి ప్రమాదం వల్లో పోయిందని పాకిస్తాన్ వైపు చెబుతారు. మన మాజీ అధికారుల్లో కూడా లోపలే పేలిందనేవారున్నారు. దిగి చూసిన డైవర్లకు ముందుభాగం, టార్పెడోలుండే చోటు, చీలిపోయి కనిపించింది. బావ దీని మీద ఎప్పుడూ పోట్లాడలేదు. మేం ముంచామని ఎవరి దగ్గరా చెప్పుకోలేదు. నా మటుకు నాకు, ఎవరి మందు పేలినా రాజ్‌పుత్ గొప్ప తగ్గదు. నీళ్ళ కింద మృత్యువు ఉందని తెలిసి కూడా ముప్పయ్యేళ్ళ ముసలి ఓడ ఆ చీకట్లో రేవు దాటింది. ఆ ధైర్యానికి సాక్ష్యం వేరే అక్కర్లేదు.

ఘాజీలో తొంభైమందికి పైగా ఉన్నారు. ఒక్కరూ బతకలేదు. పైకి తేలిన శవాలను మన నౌకాదళం సైనిక మర్యాదలతో సాగనంపింది. విన్నప్పుడు బావ, "మంచి పని చేశారు" అన్నాడు. నేను పడ్డ సంతోషం గుర్తొచ్చి నా కడుపులో తిప్పింది. ఆ జాకెట్ మా ఓడది కాదని నేను తేరుకుని ఏడ్చిన రోజున కరాచీలో ఎంతమంది ఆడవాళ్ళు గేట్ల దగ్గర నిలబడ్డారో. వాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. వాళ్ళ కోసం కూడా పోలమాంబకు దీపం పెట్టాను. పేటలో కొందరు తప్పుపట్టారు. మా అత్త పట్టలేదు, నూనె తనే పోసింది.

రాజ్‌పుత్‌ని 1976లో విప్పేసి తుక్కుకు అమ్మేశారు. బావ అప్పటికి వేరే ఓడ మీదికి మారాడు. వెళ్ళి చూస్తానన్నాడు, తరవాత వద్దన్నాడు. రిటైరయ్యాక పేటలోనే పడవ కొనుక్కుని, ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం వేటకు వెళ్ళాడు. నేవీ నుంచి తెచ్చుకున్న పెట్టెలో టోపీ, పేబుక్కు, నాకు రాసిన ఉత్తరాలు, ఓడ మీద తోటివాళ్ళతో దిగిన ఫొటో ఉండేవి. కత్తి మాత్రం పెట్టెలో పెట్టలేదు, రోజూ వాడాడు. ఆఖరి రోజుల్లో మంచంలో ఉన్నప్పుడు కూడా తలగడ కింద ఉండేది. పోయినప్పుడు దాన్ని అతనితో పంపుదామన్నారు. నేను ఒప్పుకోలేదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. విశాఖ మీదే తీరం దాటింది. మా పైకప్పు రేకులు ఎగిరిపోయాయి. పిల్లలతో బడిలో తలదాచుకుని మర్నాడు వచ్చి చూస్తే ఇల్లంతా ఇసుక, బురద. పెట్టె నిండా నీళ్ళు. ఫొటో ముఖాలు కరిగి తెల్లకాగితం అయిపోయింది. ఉత్తరాల సిరా పోయింది. టోపీ నా చేతిలో ముద్దయింది. అప్పటికి తినడానికి లేదు, తాగే నీళ్ళు లేవు, అయినా నేను ఆ కాగితాలు ఎండలో ఆరబెడుతూ కూర్చున్నాను. ఏదీ మిగల్లేదు. రెండు రోజుల తరవాత గోడ పక్క ఇసుక ఎత్తుతుంటే మనవరాలి పారకు కత్తి తగిలింది. తాడు కుళ్ళిపోయింది. మొన కొద్దిగా వంగింది. నూనె వేసి నానబెట్టి, ఇటుకపొడితో రుద్దితే అలుగు తెరుచుకుంది. రాజ్‌పుత్ మీద పనిచేసిన మా బావ గుర్తుగా ఈ భూమ్మీద నాకున్నది ఇప్పుడు అదొక్కటే.

2017లో సినిమా వచ్చింది. మనవరాలు తీసుకెళ్ళింది. అందులో ఘాజీని ముంచేది ఎస్ 21 అనే మన జలాంతర్గామి. బాగా తీశారు, హాల్లో అందరూ జనగణమనకు లేచి నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను. అది కథ. మా పేటలో కుర్రాళ్ళు ఇప్పుడు దాన్నే చరిత్ర అనుకుంటున్నారు, అదే నా బాధ. 2021 మే నెలలో రాజ్‌పుత్‌ని సేవ నుంచి తప్పించారని టీవీలో చెబితే చుట్టాలు ఫోన్లు చేసి, మీ ఆయన ఓడేనా అని అడిగారు. కాదు. అది 1980లో సోవియట్ దేశం నుంచి వచ్చిన రెండో రాజ్‌పుత్. నలభై ఒక్క ఏళ్ళు పనిచేసింది, దానికీ దండం పెట్టాలి. పేరు ఒకటే కావడంతో మొదటి ఓడ రెండోదాని నీడలో పడిపోయింది. 2024లో నౌకాదళం లోతుకు దిగే తన వాహనంతో ఘాజీ పడి ఉన్న చోటు మళ్ళీ గుర్తించింది. చనిపోయినవారి మీద గౌరవంతో దాన్ని ముట్టుకోలేదని చదివి వినిపించారు. అది విని నాకు ఊరట కలిగింది.

డిసెంబర్ 4 నేవీ డే. మన మిసైల్ బోట్లు కరాచీ రేవును కొట్టిన రోజది, తప్పకుండా చెప్పుకోవాలి. అదే తారీఖు అర్ధరాత్రి మన రేవు ముందు కూడా ఒక ఓడ ప్రాణాలకు తెగించి నిలబడిందని ఆ రోజు మైకులో ఒక్క మాట చెప్పమని నౌకాదళం పెద్దలను అడుగుతున్నాను. కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూడడానికి వచ్చే పిల్లలకు రాజ్‌పుత్ బొమ్మ ఒకటి చూపించినా చాలు. వాళ్ళు అడిగితే ఈ కత్తి ఇవ్వడానికి నేను సిద్ధం.

ఆ రాత్రి రాజ్‌పుత్ మీద ఉన్నవాళ్ళలో చిన్నవాళ్ళకు కూడా ఇప్పుడు డెబ్బై దాటాయి. కెప్టెన్ పేరు పుస్తకాల్లో ఉంది. వంటవాళ్ళ పేర్లు, స్టోకర్ల పేర్లు, ఆ నీళ్ళను చూసి అరిచిన సీమన్ పేరు మా ఇళ్ళలో తప్ప ఎక్కడా లేవు. మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే ఇవాళే పక్కన కూర్చుని అడగండి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఫొటోలు, ఉత్తరాలు ఉంటే తుపానుకు అందని చోట పెట్టండి, ఫోనులో ఒక కాపీ తీసి పిల్లలందరికీ పంపండి.